తోడు విమానము

భారతయుద్ధమున అర్జునుని రథమునకు సారథి శ్రీకృష్ణుడని ఎల్లరకును తెలియును. ఆ రథచక్రములను కాపాడినవారెవరో తెలిసినవారు మాత్రము కొలదిమందియే. పాంచాల వీరులగు యుధామన్యుడును, ఉత్తమౌజుడును అర్జునుని రథమునకు ఎడమప్రక్క నొకడు, కుడిప్రక్క నొకడు నిలిచి, ప్రక్కలనుండి వచ్చిపడు శత్రువులను అడ్డగించుచుండిరి. ఇట్టివారిని చక్రరక్షకులనిరి. ఎంతటి విలుకానికైనను కన్నులు రెండే. అవి ముందువైపే చూచును. తోడు లేనిచో మహారథుడైనను యుద్ధభూమిలో ఎక్కువసేపు నిలువజాలడు.

1914వ సంవత్సరమున మొదలైన మొదటి ప్రపంచసంగ్రామములో ఆకాశయుద్ధము పుట్టెను. ఒంటరిగా పోవు విమానమును వెనుకనుండి గాని, సూర్యుని వెలుగు చాటునుండి గాని వచ్చి కూల్చుట సులభమని వైమానికులు అప్పుడే ప్రాణములు పోగొట్టుకొని నేర్చుకొనిరి. క్రమముగా యుద్ధవిమానములు జంటలుగా పోవుట పరిపాటి అయ్యెను. ముందుపోవు విమానమున నాయకుడుండును. కొంచెము వెనుకగా, ఒక ప్రక్కగా రెండవ విమానము పోవుచుండును. నాయకుడు శత్రువుపై దృష్టి నిలిపినప్పుడు అతని వెన్ను కాచుట రెండవవాని విధి. తనకు ముప్పు వచ్చినను అతడు నాయకుని విడువరాదు. వైమానిక దళములలో స్నేహములకు, త్యాగములకు సంబంధించిన కథలలో పెక్కు ఈ జంటలనుండి పుట్టినవే.

ఆ రెండవ విమానమునుండి మనుష్యుని దింపివేసి, దానిని యంత్రమునకే అప్పగించు ప్రయత్నములు నేడు అనేక దేశములలో జరుగుచున్నవి. ముందువిమానమున వైమానికుడుండును, తోడు విమానమున ఎవ్వరును ఉండరు. అది తనంత తాను ఎగురును, చూచును, అవసరమైనచో పోరాడును.

ఇట్లు చేయుటకు మొదటి కారణము సులభముగా ఊహింపదగినదే. కూలిన యంత్రము కొరకు ఏ తల్లియు ఏడువదు. రెండవ కారణము ధనము. అమెరికావారి ఎఫ్-35 యుద్ధవిమానము ఒక్కొక్కదాని ఖరీదు 8 కోట్ల డాలర్లకు పైబడును. దానిని నడుపదగిన వైమానికుని తయారుచేయుటకు సంవత్సరములు పట్టును. తోడు విమానము ఖరీదు ఎఫ్-35 ఖరీదులో మూడవవంతును మించరాదని అమెరికా వైమానిక దళము ఆశించుచున్నది. మూడవది మానవశరీరపు దౌర్బల్యము. విమానము మహావేగమున మలుపు తిరిగినప్పుడు అందలి మనిషికి తన బరువు పెరిగినట్లు తోచును. నేటి యుద్ధవిమానములలో ఈ ఒత్తిడి తొమ్మిది రెట్ల వరకు పోవును. అనగా 60 కిలోల మనిషి ఆ క్షణమున 540 కిలోల బరువు తూగినట్లుండును. రక్తము తలనుండి కాళ్ళలోనికి దిగును. కన్నులు చీకట్లు క్రమ్మును. యంత్రమునకు కన్నులు చీకట్లు క్రమ్మవు.

మనిషి లేని విమానము మాత్రము క్రొత్తది కాదు. బ్రిటనులో 1935లో విమానములను గురిచూచి కొట్టుట ఫిరంగిదళములకు నేర్పుటకై రేడియోతో నడుచు చిన్న విమానమునొకదానిని చేసి, దానికి ‘రాణి యీగ’ అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆంగ్లమున డ్రోను అనగా పోతు తేనెటీగ. మనిషి లేని విమానములన్నింటికిని ఆ పేరు కలుగుటకు ఈ రాణి యీగయే కారణమని చెప్పుదురు.

రెండవ ప్రపంచసంగ్రామమున అమెరికావారు మరియొక సాహసమునకు పూనుకొనిరి. పాత బాంబరు విమానములను ప్రేలుడు పదార్థముతో నింపి, శత్రువుల కోటలపై పడవేయవలెనని వారి ఆలోచన. నేలమీదినుండి పైకి లేపుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. విమానము పైకి లేచిన పిమ్మట వారు ప్రేలుడు యంత్రమును సిద్ధపరచి గొడుగులతో దూకివేయవలెను. అటుపై వెనుకవచ్చు ‘తల్లి విమానము’ దానిని రేడియోతో నడిపించును. 1944 ఆగస్టు 12వ తేదీన ఇంగ్లండు తూర్పుభాగమున అట్టి విమానమొకటి, అందలి ఇద్దరును దూకకముందే ఆకాశమున ప్రేలిపోయెను. ఆ ఇద్దరిలో ఒకడు జోసెఫ్ కెనెడీ. తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనెడీకి ఇతడు అన్న. మనిషి ప్రాణమును కాపాడుటకై కల్పించిన యంత్రము మొదట తన వైమానికులనే బలిగొనెను.

అటు తరువాత వియత్నాము యుద్ధమున జెట్ డ్రోనులను పెద్ద విమానముల రెక్కల క్రిందనుండి విడిచి, శత్రుభూముల ఛాయాచిత్రములు తీయించిరి. 2001లో ప్రిడేటరు అను డ్రోను క్షిపణులను ధరించి యుద్ధమున ప్రవేశించెను. దానిని వేల మైళ్ళ దూరమున ఒక గదిలో కూర్చున్న మనుష్యులు ఉపగ్రహముల ద్వారా నడిపించుచుండిరి.

ఇట్లు దూరమునుండి నడుపబడు విమానమునకును, స్వయముగా మెలగు విమానమునకును గల భేదమును బాగుగా గ్రహింపవలెను. సంతనుండి రాత్రివేళ ఎడ్లబండిమీద మరలివచ్చు రైతును తలచుకొనుడు. పగలంతయు శ్రమపడి యుండుటచే అతడు బండిలోనే నిద్రించును. ఎడ్లు దారి తప్పవు. గోతిని తప్పించుకొని, ఎదురువచ్చు బండికి ప్రక్కకు తొలగి, ఇంటిముందు వచ్చి నిలుచును. అడుగడుగునకు పగ్గము లాగి నడిపింపవలసిన కోడెలు వేరు, ఈ ముదురు ఎడ్లు వేరు. ప్రిడేటరు కోడెవంటిది. తోడు విమానము ముదురు ఎద్దువంటిది కావలెనని నిర్మాతల కోరిక.

ఎందుకనగా, శత్రువును ఎదుర్కొనుచున్న నాయకునికి మరియొక విమానమును నడిపించు తీరిక ఉండదు. ‘ఎడమకు తిరుగుము, పైకి లెమ్ము’ అని అతడు చెప్పజాలడు. ‘ఆ కొండల వెనుక ఏమున్నదో చూచి రమ్ము’ అని పని అప్పగించును. ఎంత ఎత్తున పోవలెను, ఎంత వేగమున పోవలెను, తోటి విమానమునకు తగులకుండ ఎట్లు తొలగవలెను అనువానిని విమానములోని కంప్యూటరే నిర్ణయించుకొనును. చూచినదానిని రేడియో మూలమున నాయకుని తెరపైకి పంపును.

ఇందొక చక్కని యుక్తి కలదు. చీకటిలో దీపము పట్టుకొన్నవానికి దారి కనబడును. కాని వాడును దూరమునుండి అందరికిని కనబడును. రాడారు అట్టి దీపమే. దానిని వెలిగించిన విమానము శత్రువును చూచును, శత్రువునకు తన ఉనికిని తెలుపును. తోడు విమానమే దీపము పట్టుకొని ముందు పోయినచో, నాయకుడు చీకటిలో నిలిచియే సమస్తమును చూడవచ్చును. శత్రువు కొట్టినచో దీపము పట్టినదానినే కొట్టును.

అయినను యుద్ధవిమానమును నడుపుట బండి నడుపుట వంటిది కాదు. యంత్రము దానిని నేర్వగలదా? 2020 ఆగస్టులో అమెరికాలో జరిగిన పోటీ ఈ ప్రశ్నకు పాక్షికముగా జవాబు చెప్పెను. అది నిజమైన ఆకాశమున కాదు, కంప్యూటరు కల్పించిన ఆకాశమున జరిగెను. హెరన్ సిస్టమ్స్ అను చిన్న సంస్థ తయారుచేసిన కృత్రిమ మేధ ఒకవైపు, అనుభవశాలియగు ఎఫ్-16 వైమానికుడు ఒకవైపు పోరాడిరి. అయిదు పోరాటములందును యంత్రమే గెలిచెను.

ఆ యంత్రమునకు ఎవరును విమానవిద్య బోధింపలేదు. అది కల్పితాకాశమున తనలో తాను మరల మరల పోరాడి, గెలిచినప్పుడు మార్కులు పొంది, ఓడినప్పుడు మార్కులు పోగొట్టుకొని, ఏది చేసిన లాభమో తానే కనుగొనెను. మనిషి జన్మమంతయు అభ్యసించినను చేయలేనన్ని పోరాటములు దానికి అభ్యాసమైనవి. ఐతే విజయము విని ఆశ్చర్యపడువారు రెండు సంగతులు మరువరాదు. కల్పితాకాశమున యంత్రమునకు ఎదిరి విమానము ఎక్కడ ఉన్నదో ఎల్లప్పుడును తెలిసియుండెను. నిజమైన ఆకాశమున మేఘములుండును, మోసములుండును. మరియు ఆ యంత్రము ఎదురెదురుగా దూసుకువచ్చి తుపాకి ప్రేల్చుచుండెను. ఢీకొను ప్రమాదముచే వైమానికులు అభ్యాసములలో అట్లు చేయుట నిషిద్ధము. ప్రాణభయము లేనివానికి ధైర్యము అవసరము లేదు గదా!

నిజమైన ఆకాశమున పరీక్ష కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమున జరిగెను. ఎఫ్-16 విమానమునొకదానిని మార్చి, ఎక్స్-62ఎ అని పేరు పెట్టి, 2022 డిసెంబరులో దాని పగ్గములను కృత్రిమ మేధకు ఒప్పగించిరి. 2023 సెప్టెంబరులో అది మనుష్యుడు నడుపు మరియొక ఎఫ్-16తో తలపడెను. రెండును గంటకు 1,200 మైళ్ళ వేగమున, 2,000 అడుగుల ఎడముదాక సమీపించెను. ఎక్స్-62ఎ లోపల ఇద్దరు వైమానికులు కూర్చుండియుండిరి. యంత్రము దారి తప్పినచో క్షణములో దానిని తప్పించి తాము నడుపుటకే వారి ఉనికి. పోరాటములు జరుగుచుండగా ఆ మీట నొక్కవలసిన అవసరము వారికి కలుగలేదు. ఎవరు గెలిచిరో మాత్రము అమెరికావారు వెల్లడింపలేదు.

ఈ విద్యను ఫలింపజేసిన తోడు విమానములలో ఆస్ట్రేలియావారిది పేర్కొనదగినది. ఆ దేశపు విస్తీర్ణము పెద్దది, జనసంఖ్య చిన్నది, చుట్టును సముద్రము. కాపలా కాయవలసిన ఆకాశము అంతులేనిది, వైమానికులు కొద్దిమంది. బోయింగు సంస్థయు, ఆస్ట్రేలియా వైమానిక దళమును కలిసి నిర్మించిన ఆ విమానము 2021 ఫిబ్రవరి 27వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరా ఎడారి ప్రాంతమున మొదటిసారి ఎగిరెను. ఏబది సంవత్సరములకు పైగా ఆ దేశమున స్వయముగా రూపొందించి కట్టిన పోరాటవిమానము లేదు, ఇదియే మొదటిది. పొడవు 11.7 మీటర్లు. ఒక్కసారి నింపిన ఇంధనముతో 3,700 కిలోమీటర్లకు పైగా పోగలదు. దాని ముక్కుభాగమును ఊడదీసి, పనినిబట్టి వేరు సాధనములు గల మరియొక ముక్కును తగిలింపవచ్చును. 2022లో దీనికి ‘ఘోస్ట్ బ్యాట్’ అని పేరు పెట్టిరి. అది ఆస్ట్రేలియాలో మాత్రమే కనబడు గబ్బిలపు జాతి. రాత్రులందు చిన్న జంతువులను వేటాడి తినును. పేరు తగినదే.

2025 డిసెంబరులో వూమెరా ఆకాశమున దీనికి అసలైన పరీక్ష జరిగెను. శత్రువునకు బదులుగా ఒక జెట్ డ్రోనును ముందు ఎగురవేసిరి. సూపర్ హార్నెట్ అను యుద్ధవిమానము దానిని కనిపెట్టి, జాడ పట్టి, ఆ సమాచారమును తక్కిన విమానములకు అందించెను. వెడ్జ్‌టెయిల్ అను పెద్ద రాడారు విమానములోని సిబ్బంది ఘోస్ట్ బ్యాట్‌ను తమ అధీనమున ఉంచుకొనిరి. ఘోస్ట్ బ్యాట్ తగిన చోటికి తానే జరిగెను. పిమ్మట వెడ్జ్‌టెయిల్‌నుండి అనుమతి వచ్చెను. అప్పుడది క్షిపణిని విడిచి ఆ డ్రోనును కూల్చెను.

పరుగు యంత్రముది, గురి యంత్రముది. ‘కొట్టుము’ అను మాట మాత్రము మనిషిది.

ఇతర దేశములు ఊరకుండలేదు. టర్కీలో కిజిలెల్మా అను మనిషి లేని జెట్ విమానము 2022 డిసెంబరులో మొదట ఎగిరి, 2025 నవంబరులో క్షిపణితో ఆకాశలక్ష్యమును కూల్చెను. అమెరికాలో రెండు సంస్థల తోడు విమానములు 2025 ఆగస్టులో ఒకటి, అక్టోబరులో ఒకటి ఎగిరెను. చైనా తన విమానములను 2025 సెప్టెంబరు 3వ తేదీన బీజింగు సైనిక ప్రదర్శనమున లోకమునకు చూపెను. మన దేశమున హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు తేజస్ విమానమునకు తోడుగా పోదగిన ‘వారియర్’ నమూనాను 2021లో బెంగళూరు వైమానిక ప్రదర్శనమున ఉంచిరి. ఫిరంగుల అభ్యాసమునకై మనవారు పూర్వము చేసిన ‘లక్ష్య’ అను డ్రోను ఎంజను దీనికి మూలాధారము. బ్రిటనువారి రాణి యీగ చేసిన పనియే మన లక్ష్యయు చేసినది. గురిగా కొట్టబడుటకు పుట్టిన వంశమునుండి కొట్టగల విమానము పుట్టుచున్నది.

‘కొట్టుము’ అను మాటను మనిషియే ఎందుకు పలుకవలెను? యంత్రము అతనికంటె త్వరగా చూడగలదు, త్వరగా లెక్కింపగలదు. మరి దానికే విడిచిన నష్టమేమి? జరిగిన రెండు సంగతులను ఇచ్చట చెప్పవలెను.

2003 మార్చి 23వ తేదీన ఇరాకు యుద్ధమున బ్రిటనువారి టోర్నడో విమానమొకటి తన పని ముగించుకొని కువైటులోని స్థావరమునకు మరలివచ్చుచుండెను. సరిహద్దున మిత్రులగు అమెరికావారి పేట్రియట్ క్షిపణిదళము కాపలా కాయుచుండెను. పేట్రియట్ కంప్యూటరు ఆ విమానమును చూచి, ఇది తమ రాడారును కొట్టుటకు వచ్చుచున్న శత్రుక్షిపణి యని నిర్ణయించెను. తాను మిత్రుడనని తెలుపవలసిన విమానపు సంకేతయంత్రము అప్పుడు పనిచేయలేదు. దళములోని సైనికులు తమ యంత్రమును శంకింపలేదు. ఆలోచించుటకు వారికి వ్యవధియు లేదు. క్షిపణి విడిచిరి. విమానములోని ఇద్దరును మరణించిరి. ఇచ్చట మనిషి లేకపోలేదు. కాని యంత్రము చెప్పినదానికి తల ఊపుటకు మాత్రమే అతడుండెను.

అంతకు ఇరువది సంవత్సరములు ముందు, 1983 సెప్టెంబరు 26వ తేదీన, మాస్కో సమీపమున భూగర్భములోని కేంద్రమున స్తానిస్లావ్ పెత్రోవ్ అను సోవియట్ సైనికాధికారి రాత్రి కాపలా కాయుచుండెను. అమెరికా అణుక్షిపణులను కనిపెట్టు ఉపగ్రహముల సమాచారము అచ్చటికి వచ్చును. అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి తెరపై హెచ్చరిక వెలిగెను: అమెరికానుండి ఒక క్షిపణి బయలుదేరినది! కొంతసేపటికి మరి నాలుగు. యంత్రము సందేహము లేకుండ చెప్పుచుండెను. పై అధికారులకు ఆ మాట అందించుట పెత్రోవ్ విధి. అందించినచో ఎదురు దాడి, దానితో మహాసంగ్రామము కలుగవచ్చును. అతడు ఆలోచించెను. నిజముగా యుద్ధము మొదలుపెట్టదలచినవాడు అయిదే క్షిపణులు విడుచునా? నేలమీది రాడారులు ఇంకను ఏమియు చూచినట్లు చెప్పుటలేదు గదా? ఇది యంత్రదోషమే యని అతడు పై వారికి తెలిపెను. తరువాత పరిశోధింపగా, ఎత్తయిన మేఘములపై పడిన సూర్యకాంతిని ఉపగ్రహములు క్షిపణిమంటలని భ్రమించినట్లు తేలెను.

పేట్రియట్ సైనికులు చేసినదియు, పెత్రోవ్ చేసినదియు యంత్రపు మాటను విని నిర్ణయించుటయే. పెత్రోవ్‌కు ఆలోచించుటకు కొన్ని నిమిషములుండెను. యంత్రమును శంకించు అలవాటును, తెలివియు ఉండెను. పేట్రియట్ సైనికులకు ఆ వ్యవధి లేదు. శంకింపవలెనని వారికి ఎవరును నేర్పియుండలేదు.

తోడు విమానము విషయమున మరియొక చిక్కు కలదు. నాయకునికిని దానికిని నడుమ ఉన్న బంధము రేడియో మాత్రమే. శత్రువు మొదట త్రెంచదలచునది ఆ బంధమునే. రేడియోను చెడగొట్టు యంత్రములు నేడు ప్రతి సైన్యమునందును గలవు. బంధము తెగిన తోడు విమానము ఏమి చేయవలెను? ఇంటికి మరలిపోవలెనన్నచో, శత్రువునకు తుపాకి ప్రేల్చకయే గెలుపు దొరకును. తానే నిర్ణయించుకొని పోరాడవలెనన్నచో, మనిషి మాట వినబడని చోటనే యంత్రమునకు చంపు అధికారము వచ్చును. ఈ ముడిని విప్పుటకు మంచి కంప్యూటరు చాలదు.

అమెరికా రక్షణశాఖ 2012లో ఒక ఆజ్ఞ చేసి, 2023లో దానిని సవరించెను. స్వయముగా మెలగు ఆయుధములను ప్రయోగించుటలో తగినంత మానవ వివేచన ఉండవలెనని దాని సారము. తగినంత యనగా ఎంతయో అందు కొలిచి చెప్పలేదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఇట్టి ఆయుధములవలన కలుగు సమస్యలను వెంటనే పరిశీలింపవలెనని ఒక తీర్మానము వచ్చెను. 152 దేశములు అనుకూలముగాను, 4 దేశములు వ్యతిరేకముగాను ఓట్లు వేసెను. 11 దేశములు తటస్థముగా నుండెను. వ్యతిరేకించిన నాలుగింటిలో భారతదేశము ఒకటి. ఈ చర్చకు జెనీవాలో ముందే ఒక వేదిక యున్నదనియు, దానికి పోటీగా మరియొకటి పెట్టరాదనియు మనవారి వాదము. ఆ వాదము సమంజసమా కాదా అనుట పెద్దలు తర్కింపవలసిన సంగతి. ఓటు మాత్రము అట్లు పడినది.

జెనీవా వేదికపై 2014నుండి దేశముల ప్రతినిధులు ఈ విషయమును చర్చించుచునే యున్నారు. ఆయుధము మనిషి అధీనమున ఉండవలెనను మాటను కాదనువారు తక్కువ. అధీనమనగా ఏమి యనుచోటనే వారికి పొత్తు కుదురుట లేదు. వూమెరాలో ఒక రాడారు విమానములోని సిబ్బంది ఒక్క తోడు విమానమునకు, ఒక్క లక్ష్యమును గూర్చి అనుమతి నిచ్చిరి. అదియు ముందుగా ఏర్పాటుచేసికొన్న పరీక్ష. నిజమైన యుద్ధమున ఒక్క అధికారి క్రింద పది తోడు విమానములుండి, పదియు ఒకే సమయమున ‘కొట్టనా?’ అని అడిగినచో, ఒక్కొక్కదానికి జవాబు చెప్పుటకు అతనికి ఎన్ని క్షణములు దొరకును? ఎన్ని క్షణములు దొరకినచో అది పెత్రోవ్ ఆలోచన వంటిదగును, ఎన్ని దొరకినచో పేట్రియట్ సైనికుల తల ఊపుట వంటిదగును? ఆ లెక్క జెనీవాలో ఇంకను తెగలేదు.